చెవిబిళ్ళ తీసేలోపు

యశ్విత నోటి నుంచి మొట్టమొదటి పూర్తి వాక్యం మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు బయటికొచ్చింది. అంతకు ముందు ఆ పిల్లవన్నీ విడి మాటలే. అవైనా ఈ రెండు నెలల నుంచే. రెండున్నరేళ్ళు నిండేదాకా అమ్మా అని కూడా పిలిచి ఎరగదు.

వకుళ గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. మంగళగిరిలో ఆ సందంతా మగ్గాలే. ప్రతి ఇంట్లోంచీ టకటకమని చప్పుడు వస్తూనే ఉంటుంది. నాయనమ్మ కోటేశ్వరమ్మ ఒళ్ళో కూర్చుని పప్పన్నం తింటున్న యశ్విత తలెత్తి ఆమెను చూసింది, ఆమె భుజానున్న సంచీని చూసింది. చూసి, ఒక్కో మాటా విడదీసి స్పష్టంగా అంది.

"తింటన్నా. నన్ను తీసకపోవద్దు."

వంటింట్లోంచి తల్లి ప్రసన్న పరుగెత్తుకొచ్చింది. చీరల దుకాణంలో బిల్లులు రాసే ఉద్యోగం ఆమెది. వకుళ వచ్చే మంగళవారాలు మాత్రం సెలవు పెట్టుకుంటుంది.

"విన్నారా అత్తయ్యా? మూడు మాటలు! మేడమ్, మీరు విన్నారుగా?"

ప్రసన్న చప్పట్లు కొట్టింది. వకుళ కూడా కొట్టింది. ఎందుకు కొట్టదు? ఎదుగుదలలో వెనకపడిన పసివాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం, వాళ్ళ చేత ఎలా మాట్లాడించాలో, ఎలా ఆడించాలో పెద్దవాళ్ళకు నేర్పడం పద్నాలుగేళ్ళుగా ఆమె పని. ఒక్క మాట కోసం ఏడాది ఎదురుచూసిన ఇళ్ళు ఆమె ఎన్నో చూసింది.

చప్పట్లు కొడుతూనే ఆమె కింద చాప వంక చూసింది. చాప తడిసి ఉంది.

"ఆనందం పట్టలేక పోసుకుంది పిచ్చిమొహంది," అంటూ కోటేశ్వరమ్మ కొంగుతో పిల్ల కాళ్ళు తుడిచింది. పిల్ల పక్క తడపడం మానేసి మూడు వారాలైంది. ఆ సంగతి కూడా వకుళే తన కాగితాల్లో రాసుకుంది.

యశ్విత కుడిచెవి వెనకాల పావలా కాసంత బిళ్ళ అతికించి ఉంది. వకుళ దాన్ని పరీక్షించడానికి వంగింది. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది, అంతా సవ్యంగానే ఉంది. కానీ ఆమె వేళ్ళు చెవికి తగలకముందే పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని ఊపిరి బిగబట్టింది. వకుళ మనసులో అంకెలు లెక్కపెట్టింది. పదకొండు దాకా పిల్ల ఊపిరి వదలలేదు.

ఆ బిళ్ళ రోజుకు నలభై నిమిషాలు వెలుగుతుంది. ఆ నలభై నిమిషాలూ పిల్ల బుర్ర పచ్చిమట్టిలా మెత్తబడుతుంది. అయిదొందల సార్లు వింటే గాని రాని మాట అయిదు సార్లకే వచ్చేస్తుంది. ఎనభై నాలుగు రోజులయ్యాక బిళ్ళ ఆగిపోతుంది, మట్టి గట్టిపడుతుంది. అప్పటికి అందులో ఏ ముద్ర ఉంటే అది ఉండిపోతుంది. గుంటూరు పరిశోధన కేంద్రంలో పన్నెండు మంది పిల్లల మీద చేస్తున్న ప్రయోగమిది. ఆ నలభై నిమిషాలూ పిల్లల్ని తమ గదిలోనే ఉంచాలని డాక్టరు ఫణీంద్ర అంటే, ఇంట్లోనే జరగాలని పట్టుబట్టింది వకుళ. పసివాళ్ళకు స్నానం దగ్గరా అన్నం దగ్గరా వచ్చే మాట బొమ్మల గదిలో రాదని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఈ ఇంటికి అన్నం వేళను ఎంచిందీ ఆమే. బిళ్ళలో మాటలు రికార్డు చేసే ఏర్పాటు వద్దన్నదీ ఆమే. మైకు పెడితే ఇల్లు ఇల్లులా ఉండదని వాదించి గెలిచింది. దాంతో బిళ్ళ గుండె వేగాన్ని మాత్రమే కేంద్రానికి పంపుతోంది.

ఇవాళ డెబ్భై అయిదో రోజు.

*

మర్నాడు వకుళ చెప్పకుండా వచ్చింది. ఆ పిల్ల తనను చూసి ఎందుకలా అన్నదో తెలుసుకోకుండా ఆమెకు అన్నం సయించలేదు. సందులోకి తెరిచి ఉన్న కిటికీ పక్కన గోడను ఆనుకుని నిలబడింది. దొంగలా నిలబడ్డందుకు సిగ్గేసింది, అయినా కదల్లేదు.

లోపల కోటేశ్వరమ్మ గొంతు హాయిగా, ముద్దుగా ఉంది. జోలపాట పాడే గొంతే అది.

"ఆఁ... ఒక్క ముద్ద. ఇది మింగకపోతే ఏమయిద్ది? వకుళ మేడమ్ వచ్చిద్ది. అదుగో తలుపు. తలుపు తీసుకుని వచ్చిద్ది. సంచీ తెచ్చిద్ది. సంచీలో ఏముంది? సూది. తినని పిల్లకి సూదేసి, సంచీలో ఏసుకుని పోయిద్ది. నోరు తెరువు. ఆఁ... మా బంగారం."

"మంచిదాన్ని," అంది యశ్విత గొంతు. "ఏడవను."

వకుళ గుమ్మం దగ్గరికి నడిచి మెట్టు మీద కూలబడింది. ఆ సంచీలో ఉండేది గిలకలూ చెక్క గిన్నెలూ, రెండు బట్ట బొమ్మలూ. పద్నాలుగేళ్ళుగా ఏ పిల్ల ఎదురొచ్చినా ముందు ఆ సంచీలోనే చెయ్యి పెట్టేది.

ప్రసన్న దుకాణానికి వెళ్ళి ఉంది. కోటేశ్వరమ్మ పిల్లను పడుకోబెట్టి బయటికొచ్చి, మెట్టు మీద వకుళను చూసి ఉలిక్కిపడింది. సంగతి విన్నాక ఆమెకు ముందు కోపమే వచ్చింది.

"ఇందులో తప్పేముంది మేడమ్మా? మా అత్త నా బిడ్డల్ని ఇట్టాగే తినిపించింది. నేనూ ఇట్టాగే పెంచా. బూచోడొస్తాడంటే తినని బిడ్డ ఉంటదా? ఎవరికేమయింది?"

"బూచోడని ఊరుకోక నా పేరెందుకు పెద్దమ్మా?"

కోటేశ్వరమ్మ తెల్లబోయి చూసింది. "నువ్వేగా చెప్పావు? కనపడని దాని పేరు చెబితే ఈ పిల్లకి ఎక్కదు, కళ్ళ ముందుండేది చూపించి మాట చెప్పండీ అని. బూచోడు కనపడడుగా. తలుపు చూపిస్తే నువ్వు వస్తన్నావు. వారం వారం వస్తన్నావు. దానికి బాగా ఎక్కింది."

నిజమే. మొదటి రోజు ఆ చాప మీదే కూర్చుని, ఆ మాటల్లోనే చెప్పింది వకుళ. పెద్దావిడ చదువుకోలేదు గాని చెప్పింది చెప్పినట్టు పాటించింది. ఇన్ని ఇళ్ళలో వకుళ మాటను ఇంత శ్రద్ధగా పాటించిన మనిషి ఇంకొకరు లేరు.

*

కేంద్రంలో డాక్టరు ఫణీంద్ర తెర మీద గీత చూపించాడు. పన్నెండు మంది పిల్లల్లో యశ్విత గీత ఒక్కటే కొండలా పైకి లేచి ఉంది.

"చూశారా? మిగతావాళ్ళకు ముప్పై మాటలొస్తే ఈ పిల్లకు అరవై ఆరు. అన్నం వేళ గుండె వేగం చూడండి. ఎంత ఉత్సాహమో!"

"అది ఉత్సాహం కాదు సార్," అని వకుళ జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన ఆ గీతనే ముందుకీ వెనక్కీ జరిపి చూస్తున్నాడు. ఈలోపు వకుళ తన కాగితాలు ముందేసుకుంది. అరవై ఆరు మాటలూ ఆమె చేత్తో రాసినవే. ఒక్కో మాట వచ్చిన రోజు పక్కన నక్షత్రం గుర్తు కూడా పెట్టుకుంది. తలుపు. సంచి. వచ్చింది. వద్దు. మింగా. సూది. మంచిదాన్ని. తలుపెయ్యి. మూడో వారం తలుపు అన్న మాట వచ్చినప్పుడు, 'చుట్టూ ఉన్న వస్తువుల మీద ఆసక్తి పెరిగింది' అని రాసి పెట్టింది. ఆసక్తి! ఆ పిల్లకు వచ్చిన భాషంతా బతిమాలుకోవడానికే. అది చదివి కూడా పట్టుకోలేకపోయింది వకుళ. తనను తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

"పిల్లకు ఇలా హాని జరిగితే నియమం ప్రకారం ఇవాళే బిళ్ళ తీసెయ్యాలి," అన్నాడు ఫణీంద్ర.

"తీసేస్తే ఇప్పుడున్నదంతా ఇలాగే గట్టిపడిపోతుంది. ఆ పిల్లకు అరవై ఏళ్ళొచ్చినా తలుపు చప్పుడైతే ఇంతే. ఇంకా ఎనిమిది రోజులున్నాయి. వదిలించే ప్రయత్నం చేస్తాను. ఆ భయం నేనే సార్, నేనే వెళ్ళాలి."

ఆయన తల ఊపాడు. ఊపి, మళ్ళీ తెర వైపు తిరిగాడు. "భయం వల్లే అన్నమాట ఇంత తొందరగా..." అని తనలో తాను అనుకుంటున్నట్టు అని, నోటు పుస్తకం దగ్గరికి లాక్కుని ఏదో రాసుకున్నాడు. ఏం రాశారని అడగడానికి వకుళకు ధైర్యం చాల్లేదు.

*

ఆ సాయంత్రమే ప్రసన్నకు చెప్పింది. ప్రసన్న అత్తగారి మీద అరవలేదు, ఏడవనూ లేదు. గోడకు జారగిలబడి ఒక్కటే అడిగింది.

"బిళ్ళ తీసేస్తే మాటలు పోతయ్యా మేడమ్?"

"మాటలు పోవు. భయమూ పోదు."

"అయితే పోయేదాకా రండి," అంది ప్రసన్న.

గురువారం వకుళ సంచీ లేకుండా వచ్చి గుమ్మం అవతలే కూర్చుంది. యశ్విత ఆమె రెండు చేతుల వంకా చూసి, వీపు వెనక్కి తొంగి చూసి, "సంచి ఏది?" అంది. కనపడని సంచీ మరింత భయపెట్టినట్టుంది. ముద్దలు నమలకుండానే మింగింది. ఆ రోజు గుండె వేగం నూట నలభై. శుక్రవారం కోటేశ్వరమ్మ "మేడమ్ మంచిది, మేడమ్ ఏమీ అనదు" అని పదే పదే చెప్పింది. అదే ఒడి, అదే గొంతు, అదే పప్పన్నం. ఆ గొంతులోంచి మేడమ్ అన్న మాట వినపడగానే పిల్ల బిగుసుకుపోయింది. నూట యాభై రెండు.

ఆదివారం నాటికి యశ్విత మరో పని చేసింది. వకుళ అడుగుల చప్పుడు వినపడగానే తన బట్ట బొమ్మను తీసుకెళ్ళి నూలు కండెల బుట్టలో అడుగుకి కుక్కి, పైన కండెలు కప్పింది. "అరవమాక," అని బొమ్మకు చెప్పింది.

బొమ్మకు ప్రాణముందని ఊహించుకోవడం ఆ వయసు పిల్లల ఎదుగుదలలో పెద్ద మెట్టు. వకుళ కాగితంలో దానికో గడి ఉంది. దాని కోసం తల్లులు నెలల తరబడి కాచుక్కూర్చుంటారు. ఆమె కలం తీసింది గాని టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. నియమం కాబట్టి చివరికి పెట్టింది.

సోమవారం కోటేశ్వరమ్మ ఆమెను వీధి చివరిదాకా సాగనంపుతూ వచ్చింది. అయిదు రోజుల్లోనే ఆమె మనిషి సగమైపోయింది.

"నేను అబద్ధం చెప్పానని దానికి ఎట్టా చెప్పాలమ్మా? అబద్ధమంటే ఏందో దానికి తెలవదు. నేను చెప్పిందల్లా నిజమే దానికి. పెద్దముండని, నా నోరు పడిపోను." కళ్ళు ఒత్తుకుంది. "లెంపలేసుకుని చెబుదామన్నా, అదొక ఆట అనుకుంటది."

"చెబితే ఎక్కదు పెద్దమ్మా. చూపించాలి. రేపు సంచీ తెస్తా. మీరే దాన్లో చెయ్యి పెట్టండి. ఒక్కో బొమ్మా తీసి చూపించండి. మీ చేతికి ఏమీ కాలేదని కళ్ళారా చూస్తే నమ్ముతుంది."

కోటేశ్వరమ్మ "దడుచుకుంటే?" అంది.

వకుళ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. ఇక మిగిలింది మూడు రోజులే.

*

మంగళవారం ప్రసన్న దుకాణానికి వెళ్ళలేదు. పన్నెండున్నరకు బిళ్ళలో దీపం వెలిగింది. వకుళ సంచీ తెచ్చి చాప మధ్యలో పెట్టి, దాని పక్కనే కూర్చుంది. యశ్విత తల్లి మెడ పట్టుకుని వేలాడుతోంది. ఏడవడం లేదు. ఏడవకూడదని ఆ పిల్లకు బాగా వచ్చు.

"ఇదుగో చూడు బంగారం, నానమ్మ చెయ్యి పెడతంది," అంటూ కోటేశ్వరమ్మ నవ్వు తెచ్చుకుని సంచీలో మోచేతి దాకా చెయ్యి దూర్చింది.

యశ్విత నోరు తెరుచుకుంది గాని చప్పుడు రాలేదు. మరుక్షణం తల్లి చేతుల్లోంచి జారి, చాప మీద పడి, లేచి పరుగెత్తింది. తలుపు వైపో వంటింటి వైపో కాదు. నేరుగా వకుళ మీదికి.

"మా నానమ్మని వదులు!"

మూడేళ్ళు నిండని పళ్ళు వకుళ మణికట్టులో దిగాయి. వకుళ విదిలించుకోలేదు. విదిలిస్తే పిల్ల పడుతుంది. "అమ్మా!" అని మాత్రం అరిచింది. నొప్పికి కళ్ళ నీళ్ళు బొటబొటా కారాయి. ప్రసన్న వచ్చి లాగబోతే రెండో చేత్తో వద్దని ఆపింది.

ఆ అరుపుకు యశ్విత నోరు వదిలింది. చేతి మీద రక్తం చూసింది. తర్వాత మొహం చూసింది. వకుళ చెంప మీది తడిని చూపుడువేలితో ముట్టుకుని, ఆ వేలిని తేరిపార చూసుకుంది.

"ఏడుత్తంది," అంది నాయనమ్మ వైపు తిరిగి. "మేడమ్ ఏడుత్తంది."

చెవి వెనక దీపం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. అయిదుసార్లు అవసరం లేకుండా ఆ రోజు ఒక్కసారికే ఏదో ఎక్కింది. కాసేపటికి ఫణీంద్ర నుంచి సందేశం వచ్చింది. నూట డెబ్భై ఒకటి నుంచి తొంభై ఆరుకు. ఏం చేశారు?

ఆ రోజు యశ్విత వకుళకు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నది. నిదానంగా నమిలి తిన్నది. సంచీలోంచి గిలక తనే తీసుకుంది. కోటేశ్వరమ్మ వకుళ చేతికి పసుపు అద్దుతూ ఒకటే ఏడుపు. ప్రసన్న నవ్వుతోంది, ఏడుస్తోంది. వకుళకు మాత్రం ఆ పిల్ల తన కన్నీళ్ళ వంక చూసిన చూపు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. అందులో జాలి లేదు. కొత్త బొమ్మ ఎలా పనిచేస్తుందో కనిపెట్టిన పిల్ల చూపది. పసిదాన్ని అనుమానించడమేమిటని తనను తాను తిట్టుకుంది.

బుధవారం టెటనస్ సూది వేయించుకుని, జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయింది. సాయంత్రం కోటేశ్వరమ్మ ఫోను చేసింది.

"మారు మాట్లాడకుండా తిన్నది. నీ గురించే అడిగింది. మేడమ్ ఇయ్యాల రాలేదే, దాక్కుందా? అని." పెద్దావిడ నవ్వింది గాని ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

*

గురువారం ఎనభై నాలుగో రోజు. దీపం ఆరాక బిళ్ళ తీసి, కేంద్రానికి అప్పజెప్పాలి. వకుళ కట్టు కట్టిన చేత్తోనే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే యశ్విత ఎదురొచ్చింది. ఆమె కొంగు పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి చాప మీద కూర్చోమని చూపించింది. నాయనమ్మ ఒళ్ళోంచి కంచం లాక్కుని తన ముందు పెట్టుకుంది.

"చూశారా మేడమ్!" ప్రసన్న ఫోనులో వీడియో తీస్తోంది. "తనంతట తనే పెడతానంటంది!"

యశ్విత బుల్లి వేళ్ళతో పప్పన్నం కలిపింది. ముద్ద చేసింది. చెయ్యి చాచి వకుళ నోటి ముందు పట్టుకుంది. గుండె వేగం ఎనభై ఎనిమిది అని సందేశం వచ్చింది, పక్కన అభినందనలు. పన్నెండు మందిలో అంత నిమ్మళంగా ఉన్న గుండె ఇంకొకటి లేదు.

"ఆఁ... ఒక్క ముద్ద," అంది యశ్విత.

ఆ గొంతు హాయిగా, ముద్దుగా ఉంది. కోటేశ్వరమ్మ చేతిలోని నీళ్ళ గ్లాసు కింద పెట్టేసి పిల్ల వంక చూసింది. ప్రసన్న కిలకిలా నవ్వింది. వకుళ కూడా నవ్వబోయింది. ఆమె నోరు తెరవడం ఒక్క క్షణం ఆలస్యమైంది.

యశ్విత తల పక్కకు వాల్చి ఆమె కళ్ళలోకి చూసింది. ఇన్నాళ్ళూ వకుళ కళ్ళలోకి సూటిగా చూడని పిల్ల రెప్ప వెయ్యకుండా చూసింది. రెండో చేత్తో ఆమె మణికట్టు కట్టును మెల్లగా తట్టింది.

"తిను," అంది. "తినకపోతే నేనొస్తా."

చెవి వెనక దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. వకుళకు భయమేసింది. ఆ భయం మొహంలో కనపడకూడదని తంటాలు పడింది గాని, పిల్ల అప్పటికే చూసేసి నవ్వుతోంది.

వకుళ నోరు తెరిచింది.